పదహారుకు పదహారు

మా ఆయన గజేందర్‌కు నేనంటే భయమని సిద్దిపేట మెదక్ రోడ్డులో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. డీజే బాక్సులు చేసే షాపులో ఒకరికి చెక్క తెలిసి ఇంకొకరికి వైరు తెలిస్తే సరిపోదు, ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. లేకపోతే రేపు పెళ్లి బరాత్ ఉందని ఇవాళ సాయంత్రం వచ్చేవాళ్లు నెత్తికెక్కి కూర్చుంటారు. ఆ మాట్లాడే పని నాది. రంపం, చిత్రిక, ప్లైవుడ్ ఆయనవి. స్పీకర్లు బిగించడం, వైర్లు కలపడం, టంకం పెట్టడం నావి. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివి, ఉద్యోగం దొరక్క, పెళ్లయ్యాక ఈ పని పట్టుకున్నాను. పదకొండేళ్లయింది.

అరుణ్‌కుమార్ బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. అక్కన్నపేట వాళ్లబ్బాయి, ఇరవయ్యేడేళ్లుంటాయి. సిద్దిపేటలో గది కిరాయికి తీసుకుని గిటార్ నేర్పుతాడు. ఆటోలోంచి దిగేటప్పుడు ఒళ్లో దుప్పటి చుట్టిన మూట ఉంది. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దాన్ని మా బల్ల మీద పెట్టి, దుప్పటి మెల్లగా విప్పాడు.

లోపల నల్ల రెగ్జిన్ అతికించిన బరువైన పెట్టె. ముందువైపు వరసగా నాబ్‌లు, వెనక జాలీలోంచి కనబడే గాజు వాల్వులు. గిటార్‌కు పెట్టే యాంప్లిఫయరే, కానీ అందులో స్పీకర్ లేదు. దీన్ని హెడ్ అంటారట. అంటే తల ఒక్కటే వచ్చింది, మొండెం లేదు.

"ఇది మా భానుప్రకాశ్ సార్‌ది అక్కా. సికింద్రాబాద్ల ఉంటడు, నాకు గిటార్ నేర్పింది ఆయన్నే. ముప్పై ఏండ్ల నుంచి దీన్ని ఎవ్వరికి ఇయ్యలే. ఆదివారం కోమటిచెరువు కట్ట మీద మా ప్రోగ్రాం ఉన్నదని నాకు ఇచ్చిండు. సోమవారం పొద్దుగాల వాపస్ ఇయ్యాలె," అన్నాడు అరుణ్.

"బాక్స్ ఏది మరి?"

"సార్ బాక్స్‌ను ఎలుకలు కొట్టినయ్. స్పీకర్లు రెండు నేను కొత్తయి కొన్న. బాక్స్ మీరే చెయ్యాలె."

అక్కడే స్టూలు మీద కూర్చుని ఇసుక కాగితం రుద్దుతున్న గజేందర్ తలెత్తాడు. "మన కాడ పదిహేనించీల బేస్ బాక్స్ ఉంది కదా, గది తగిలిస్తే అయిపోతది."

"గిటార్‌కు బేస్ బాక్స్ పెడితే దుప్పటి కప్పుకొని పాడినట్టుంటది," అన్నాను. ఆయన మళ్లీ కాగితం రుద్దుకున్నాడు.

అరుణ్ జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. భానుప్రకాశ్ గారి రాత. ముత్యాల్లాంటి అక్షరాలు. 'బాక్స్ ఎన్ని ఓమ్‌లో సాకెట్ అంతే. పదహారుకు పదహారు, ఎనిమిదికి ఎనిమిది. కుదరకపోతే ఆన్ చేయకు. బాక్స్ లేకుండా అసలే ఆన్ చేయకు. వాయిస్తుండగా వైరు ఊడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అలాంటిది మళ్లీ దొరకదు.'

చదవగానే నాకు విషయం అర్థమైంది. ఓమ్ అంటే స్పీకర్ కరెంటును ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే లెక్క. మా డీజే యాంప్లిఫయర్లు మొండి ఘటాలు, ఎన్ని బాక్సులు తగిలించినా ఏడుస్తూనో నవ్వుతూనో లాగేస్తాయి. ఈ వాల్వుల హెడ్ అలా కాదు. దాని వెనక ఉన్నవి రెండే సాకెట్లు, ఒకటి ఎనిమిది, ఒకటి పదహారు. అరుణ్ కొన్న స్పీకర్లు ఒక్కోటి ఎనిమిది ఓమ్‌లు. రెండింటి ఎర్ర కొసలను ఒకదానికొకటి, నల్ల కొసలను ఒకదానికొకటి కలిపితే రెండూ పక్కపక్కన పడి నాలుగవుతాయి. నాలుగుకు సాకెట్టే లేదు. ఒక స్పీకర్ నల్ల కొసను రెండోదాని ఎర్ర కొసకు కలిపి గొలుసులా వేస్తే పదహారవుతాయి. అంటే గొలుసే వెయ్యాలి.

"హెడ్‌కు ఏం కాదు. నాది పూచీ," అన్నాను.

"అదే చాలు అక్కా. దానికేమన్న అయితే నేను సార్‌కు మొఖం చూపియ్యలేను," అన్నాడు అరుణ్.

అతను హెడ్‌ను మళ్లీ దుప్పటిలో చుట్టుకుని వెళ్లాక గజేందర్ నా చేతిలో చీటీ వైపు చూశాడు. "ఏం రాసిండు గండ్ల?"

"నీకెందుకు? నువ్వు చెక్క కొయ్యి," అని చీటీ పర్సులో పెట్టుకున్నాను.

చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. చెప్పినా అర్థం కాదని అనుకున్నాననడం కూడా పూర్తి నిజం కాదు. నాకు తెలిసింది ఆయనకు తెలియకపోవడంలో ఒక సుఖం ఉంటుంది, అది వదులుకోబుద్ధి కాలేదు.

శనివారం మధ్యాహ్నానికి బాక్స్ తయారైంది. నోటికొచ్చినట్టు తిడతాను గానీ, ఆయన చెక్కపనికి వంక పెట్టడం నా వల్ల కాదు. మూలల్లో గోరు పెడదామన్నా సందు దొరకదు. నల్ల రెగ్జిన్ ఎక్కడా ముడత లేకుండా అంటించాడు. సాయంత్రం నేను కూర్చుని స్పీకర్లు రెండూ బిగించి, అనుకున్నట్టే గొలుసు కలిపాను. మీటరు పెట్టి చూస్తే పదమూడు చూపింది. మీటరులో ఎప్పుడూ అసలు కంటే కాస్త తక్కువే కనబడుతుంది, పదమూడంటే పదహారన్నట్టే. షాపు వెనకే మా ఇల్లు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వెనక మూత బిగించమని ఆయనకు చెప్పి లోపలికి వెళ్లాను.

ఆదివారం పదకొండింటికి అరుణ్ ఆటో తెచ్చుకుని బాక్స్ ఎక్కించుకున్నాడు. "ఐదింటికి ప్రోగ్రాం. మీరిద్దరు రావాలె అక్కా," అన్నాడు. చూస్తాంలే అన్నాను. మా దగ్గర చూస్తాం అంటే రామని అర్థం.

ఆ రోజు మటన్ తెచ్చి, వండి, తినడానికి కూర్చునేసరికి నాలుగున్నర దాటింది. కూర బాగా కుదిరింది. కూర కుదిరిన రోజు మా ఆయనకు నోరు లేస్తుంది.

"నిన్న నువ్వు మస్తు అలిసిపోయినట్టున్నవ్," అన్నాడు, బొక్క చప్పరిస్తూ.

"ఎందుకట్ల అంటున్నవ్?"

"ఏం లే. గిటార్ బాక్స్‌ల ఒక వైరు తప్పు వడ్డది. నేనే సరిచేసిన తీ."

కంచం పక్కకు జరిపాను. "ఏం సరిచేసినవ్?"

"ఒక స్పీకర్ నల్లది తీసుకపోయి ఇంకో దాని ఎర్రదానికి అంటించినవ్. మూత పెట్టేటప్పుడు చూసిన. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి మార్చిన. నువ్వు అన్నం కాడ ఉన్నవని పిలువలే."

ఆయనను అనడానికి కూడా లేదు. పదకొండేళ్లుగా మా షాపులోంచి పోయిన ప్రతి బాక్సులో ఎర్రది ఎర్రదానికే, నల్లది నల్లదానికే కలిపాము. మా పనిలో ఉన్న ఎవడైనా ఆ గొలుసు చూస్తే కునికిపాట్లు పడుతూ చేసిందనే అనుకుంటాడు. పెళ్లాం పరువు తీయకుండా ఆ తప్పు దిద్దాడు ఆయన. ఇప్పుడా బాక్స్ నాలుగు ఓమ్‌లు. అరుణ్ దాన్ని పదహారు సాకెట్‌కు తగిలిస్తాడు. వాల్వులు ఎర్రగా కాగి, ముప్పై ఏళ్ల ట్రాన్స్‌ఫార్మర్ నిలువునా కాలుతుంది. మూత బిగించాక నేను ఇంకోసారి మీటరు పెట్టి ఉంటే తెలిసిపోయేది. పెట్టలేదు.

అరుణ్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. మీటరు, టంకం కడ్డీ సంచిలో వేసుకుని, కడిగీ కడగని చేతులతో బండెక్కాం. గజేందర్‌కు విషయం ఇంకా సగమే అర్థమైంది. కానీ నా మొహం చూసి మిగతా సగం అడగలేదు.

ఆదివారం కాబట్టి పాత బస్టాండు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. బండి ఆగిన ప్రతిచోటా నా నోరు లేచింది.

"ఒక్క మాట నన్ను అడగాలె కదా! మీదికెళ్లి చేసి సప్పుడు చేయకుండ కూసుంటవా?"

"అడిగితే నువ్వు ఏమంటవో నాకెరుక," అన్నాడు ముందుకే చూస్తూ.

"ఏమంటా?"

"నీకెందుకు అంటవ్."

బండి కదిలింది. కాసేపటికి ఆయనే మళ్లీ అన్నాడు. మెల్లగా, ట్రాఫిక్ గోలలో నాకు వినబడీ వినబడకుండా.

"పోయినేడు దుబ్బాకకు పంపిన బాక్స్‌ల గూడ ఒకటి ఉల్టా వడ్డది. ములుగు దాంట్ల ఒకటి. బోనాలప్పుడు ఒకటి. గవన్ని నేనే మార్చిన. గవి నిజంగ తప్పులే ప్రసూనా. గిది గూడ గట్లనే అనుకున్న."

మా షాపు బాక్స్ ఒక్కటి కూడా ఇంతవరకు వెనక్కి రాలేదని నేను ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. అది నా చేతి గొప్ప అనుకున్నాను. నా తప్పులు మూత పెట్టేటప్పుడు ఈ మనిషి దిద్దుకుంటూ వచ్చాడు. నేను అరుస్తానని ఆ సంగతి నాకు చెప్పను కూడా లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అవ్వ వెయ్యిసార్లు అనేది. ఊరి సంగతి అటుంచి, ఇంట్లో మనిషే నాతో ఒక మాట చెప్పలేకపోయాడు. సిగ్గేసింది. ఆయన వీపు వెనక కూర్చుని ఉండడం వల్ల నా మొహం కనబడలేదు, అంతవరకు నయం.

కట్ట దగ్గరికి వస్తుండగానే గిటార్ వినబడింది. పెద్దగా, చెరువు మీదుగా తేలి వస్తోంది. అయిపోయింది అనుకున్నాను. సోమవారం అరుణ్ సికింద్రాబాద్ వెళ్లి ఆ పెద్దాయన ముందు కాలిన పెట్టె పెట్టి, ప్రసూన అక్క పూచీ ఇచ్చింది సార్ అంటాడు. బండి పూర్తిగా ఆగకముందే దూకి పరిగెత్తాను. చున్నీ జారి ఎక్కడో పడింది, ఎవరో వెనకనుంచి పిలుస్తున్నారు, నేను ఆగలేదు.

స్టేజీ మీద వాయిస్తున్నది అరుణ్ కాదు. ఎవరో వేరే జట్టు. వాళ్ల గిటార్ వైరు నేరుగా మైక్‌సెట్ మిక్సర్‌లోకి పోతోంది. అరుణ్ స్టేజీ పక్కన నిలబడి ఉన్నాడు. అతని ముందు మా బాక్స్, దాని మీద హెడ్. బాక్స్‌కు పసుపు, కుంకుమ. పక్కన ఒక కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు. హెడ్ ముందు ఉండే ఎర్ర దీపం వెలగలేదు.

"ఆన్ చేసినవా?" అని అరిచాను.

"లేదక్కా! మీ కోసమే చూస్తున్న. కొత్త బాక్స్ కదా, వైరింగ్ చేసినోళ్ల చేతితోనే బోణీ కావాలె. గది మీ షాపు పద్ధతి అని గజేందర్ బావనే చెప్పిండు ఒకసారి. ఈ ప్రోగ్రామోళ్లు అరగంట నుంచి తిడుతున్నరు, అందుకే వేరేటోళ్లను ముందుగాల ఎక్కిచ్చిన్రు."

"ఫోన్ ఎందుకు ఎత్తలేవ్?"

"వీడియో తీసెతందుకు స్టాండు మీద పెట్టిన అక్కా."

ప్రాణం లేచొచ్చింది. అక్కడే స్టేజీ మెట్ల మీద కూలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ పద్ధతి మాదే. కొత్త బాక్స్ ఏది బయటికి పోయినా మొదటి స్విచ్ నేనే వెయ్యాలని, నాకు దక్కాల్సిన మర్యాద అదని నేనే పెట్టాను. హెడ్ అరుణ్ దగ్గరే ఉండిపోవడంతో ఈసారి నేనే మరిచాను, అతను మరవలేదు. నా పొగరుతో పెట్టిన పద్ధతి ఇవాళ ఆ హెడ్‌ను కాపాడింది. అలాగని పొగరు మంచిదని చెప్పడం లేదు.

అరుణ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. బాక్స్ లోపల నాలుగు ఓమ్‌లున్నాయని, స్విచ్ వేసి ఉంటే హెడ్ కాలిపోయేదని. అతని మొహం తెల్లబోయింది.

"తప్పు నాదే తమ్మీ," అన్నాడు వెనకనుంచి వచ్చిన గజేందర్. చేతిలో నా చున్నీ ఉంది.

"ఆయనది కాదు. చీటీల ఏం రాసిండని ఆయన అడిగిండు, నేనే చెప్పలే," అన్నాను. నా నోటినుంచి ఆ మాట రావడం నాకే కొత్తగా ఉంది. ఆయనకు ఇంకా కొత్తగా ఉన్నట్టుంది, చున్నీ ఇవ్వడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ముందు జట్టు ఇంకా నాలుగు పాటలు వాయిస్తుంది. మాకు ఇరవై నిమిషాలున్నాయి. గజేందర్ మూత స్క్రూలు విప్పుతుంటే, నేను పర్సులోంచి చీటీ తీసి చదివి వినిపించాను. ఎనిమిది, ఎనిమిది పక్కపక్కన పెడితే నాలుగెందుకవుతుందో, గొలుసు వేస్తే పదహారెందుకవుతుందో చెప్పాను. "ఒక గేటు పక్కన ఇంకో గేటు తీస్తే జనం తొందరగ పోతరు. ఒక గేటు దాటినంక ఇంకోటి పెడితే ఆలస్యమైతది. గంతే," అన్నాను.

"గంతేనా?" అన్నాడు.

"గంతే."

స్టేజీ కరెంటుకు టంకం కడ్డీ పెట్టాం. చీకటి పడుతోంది, అరుణ్ తన ఫోన్ లైటు పట్టుకున్నాడు. చెరువు గాలికి కడ్డీ సరిగా కాగలేదు. అయినా తొందరలో రెండు కొసలూ కలిపి టంకం పెట్టేశాను. మీటరు పదమూడు చూపింది.

"అయిపోయింది. మూత పెట్టు," అన్నాను.

ఆయన పెట్టలేదు. బాక్సులోకి తొంగి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది?"

"ఏం లే," అన్నాడు. నావైపు చూశాడు, అరుణ్ వైపు చూశాడు, అక్కడ మూగిన నలుగురి వైపు చూశాడు. మూత చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ కింద పెట్టాడు. "టంకం పట్టినట్టు లేదు ప్రసూనా. గీడ చూడు, నిగనిగ లేదు. బూడిద లెక్క ఉన్నది."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. మీటరు సరిగ్గా చూపిస్తుంటే, పాలిటెక్నిక్ గడప తొక్కని మనిషి నలుగురిలో నాకు టంకం గురించి చెబుతాడా అని అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుక చివర మాట కూడా సిద్ధంగా ఉంది. దాన్ని మింగాను. పచ్చి వేపాకు నమిలినంత కష్టమైంది.

"లాగి చూడు," అన్నాను.

ఆయన చూపుడు వేలితో వైరును మెల్లగా తోశాడు. అది ఊడి వచ్చేసింది.

వైరు ఉత్తినే ఆనుకుని ఉంది కాబట్టి మీటరుకు అందింది. రెండో పాటలో గిటార్ గట్టిగా మోగి బాక్స్ అదిరిన క్షణాన ఊడిపోయేది. వాయిస్తుండగా వైరు ఊడితే ఏమవుతుందో చీటీలో ఆఖరున రాసి ఉంది. అరుణ్ రెండు చేతులూ జోడించి ఎటు దండం పెట్టాలో తెలియక మా ఆయనకే పెట్టాడు.

కడ్డీకి గాలి తగలకుండా గజేందర్ చున్నీ తెరలా పట్టుకున్నాడు. ఈసారి బాగా కాగనిచ్చి టంకం పోశాను. మెరుస్తూ పారి, వైరు చుట్టూ పట్టుకుంది. ఆయన లాగాడు. గట్టిగా లాగాడు. ఊడలేదు. "ఇగ పట్టింది," అన్నాడు. మూత బిగించి, బయటి సాకెట్ దగ్గర మళ్లీ మీటరు పెట్టాను. పదమూడే ఉంది. మీటరు ఆయన చేతికిచ్చి, నువ్వూ చూడమన్నాను.

అరుణ్ కొబ్బరికాయ కొట్టాడు. హెడ్ వెనక పదహారు సాకెట్‌లో వైరు పెట్టి నావైపు చూశాడు. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని స్విచ్ మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేశాను. ఎర్ర దీపం వెలిగింది. జాలీ వెనక వాల్వులు మెల్లగా నారింజ రంగుకు తిరిగాయి. ఒక నిమిషం ఆగి రెండో స్విచ్ వేస్తే సన్నని హమ్మింగు తప్ప ఇంకేం వినబడలేదు. అరుణ్ ఒక్క తీగ మీటాడు.

అంత మెత్తగా, అంత నిండుగా ఉండే శబ్దం మా బాక్సులోంచి రావడం నేను ఎన్నడూ వినలేదు. మేం చేసేవన్నీ గుండెల మీద గుద్దేవే. ఇది వచ్చి పక్కన కూర్చుంది. అరుణ్ జట్టు గంటసేపు వాయించింది. ఆ గంటా గజేందర్, నేను బాక్స్ వెనకే నిలబడి ఎక్కడైనా కాలుతున్న వాసన వస్తోందేమోనని పీలుస్తూనే ఉన్నాం. మిర్చి బజ్జీల వాసన తప్ప ఏదీ రాలేదు.

సోమవారం పదింటికి అరుణ్ ఫోన్ చేశాడు. "సార్ ఆన్ చేసి, పావుగంట వాయించి చూసిండు అక్కా. పోయేటప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నదన్నడు. ఆ బాక్స్ గూడ సార్‌కే ఇచ్చి వస్తున్న."

ఫోన్ పెట్టేశాను. గజేందర్‌కు చెబితే, "మంచిగైంది," అని మళ్లీ రంపం అందుకున్నాడు. ఆయనకు అంతకంటే మాటలు రావు. నాకున్నవాటిలో కొన్ని ఇచ్చినా బాగుండేది.

ఆ సాయంత్రం ఒక బరాత్ బాక్సుకు వైరింగ్ పూర్తిచేశాను. లోపల పొయ్యి మీద పప్పు పొంగుతోంది. లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

"ఇటు రా. మూత పెట్టకముందే ఒకసారి చూడు. తప్పుంటే నా మొఖం మీదనే చెప్పు," అన్నాను.

ఆయన వచ్చి, గొంతుక్కూర్చుని, వైరు వైరునా వేలుపెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. పప్పు మాడిన వాసన కూడా వచ్చింది.

"ఏం తప్పు లేదు," అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి చూడమన్నాను.